ఆగయ్య భుజం మీది ఓణీ

కిషన్‌బాగ్ ఆగయ్య అంత మొండిమనిషిని నేను చూడలేదు. ఆయన్ని అడిగితే నా పేరే చెబుతాడు, అది వేరే సంగతి.

డెబ్బై ఆరులో బార్కస్ మైదానంలో పశువుల ప్రదర్శన పెట్టారు. మా వ్యవసాయ కాలేజీలో అప్పటికి ఆడపిల్లలం ఏడుగురమే. "మీలాంటి వాళ్లను మీరే పట్టుకురండి" అని ప్రిన్సిపాల్ గారు ఒక బల్ల, దరఖాస్తుల కట్ట ఇచ్చి నన్నక్కడ కూర్చోబెట్టారు. పొద్దున్నుంచి వచ్చినవాళ్లంతా బర్రెలను పట్టే పిడుదులకు మందు అడిగినవాళ్లే. ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం ఆండాలు అనే అమ్మాయి వచ్చి గబగబా దరఖాస్తు నింపేసింది. ఇంటర్‌లో ఫస్టు క్లాసు. మర్నాడే ఆఖరి తేదీ, తండ్రి సంతకం ఒక్కటే తక్కువ. ఆ తండ్రే ఆగయ్య. నాలుగు బర్రెలు పెట్టుకుని, సైకిల్ మీద ఇంటింటికీ పాలు పోసి బిడ్డను చదివించాడు. పాల పోటీకి తెచ్చిన బర్రె పక్కన నిలబడి ఉన్నాడు. కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"సదువుకు నేను అడ్డం గాదమ్మా. ఇది హాస్టల్‌ల ఉంటే గీ బర్రెను ఎవరు పిండాలె? నా పెండ్లాం పోయినకాంచి ఆండాలును తప్ప ఎవల్నీ దగ్గరికి రానియ్యదు. నేను కూసుంటే తంతది."

"బర్రె కోసం బిడ్డ సదువు బంద్ జేస్తవా అన్నా?"

"గీ బర్రె పాలతోనే గదా సదివింది!"

ఆ మాట నిజమే కావడంతో నా కోపం ఇంకా పెరిగింది. అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. అమ్మమ్మ జ్వరంతో పడుకుంటే ఆమె చీర కప్పుకుని పాలు పిండేవాడు.

"ఆండాలు పాలు పిండేటప్పుడు చుట్టుకునే ఓణీ ఉన్నదా? అది కప్పుకొని కూసో అన్నా. బర్రెకు వాసనతోనే పని."

"ఇంతమంది మొగోళ్ల ముందటనా? నా ఇజ్జత్ ఏంగావాలె?"

ఆండాలు బకెట్‌లోంచి ఆ పాత ఓణీ తీసి తండ్రి ముందు పట్టుకుని నిలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ చాచిన చెయ్యి మాత్రం దించలేదు.

ఆగయ్య బిడ్డ మొహం చూశాడు. తలపాగా విప్పి నాకిచ్చి, ఓణీ కప్పుకుని కూర్చున్నాడు. మైదానమంతా ఒకటే లొల్లి. "వారెవ్వా, దుల్హన్ ఆగయీ!" అని ఎవడో అరిచాడు, పెళ్లికూతురు వచ్చేసిందని. బర్రె ఒక్క తన్ను తన్నింది, బకెట్ ఎగిరిపడింది. ఆగయ్య లేచి ఓణీ తల మీదికి లాక్కుని మళ్లీ కూర్చున్నాడు. బర్రె మెడ తిప్పి వాసన చూసింది, చూసి నెమ్మదించింది. బకెట్‌లో పాలధార చప్పుడు వినిపించింది.

పోటీలో ఏమీ రాలేదు. సగం బకెట్ కూడా నిండలేదు మరి. తడిచేతులతోనే సంతకం పెట్టి, "నీ అసొంటిదాన్ని సూడలే" అని నన్ను తిట్టి వెళ్లిపోయాడు.

మూడు నెలలకు హాస్టల్ గేటు దగ్గర ఆగయ్య కనబడ్డాడు. పిల్లను తీసుకుపోవడానికే వచ్చాడనుకున్నాను. పోట్లాటకు కొంగు దోపుకుని ఎదురెళ్లాను.

ఆయన సంచిలోంచి మడతపెట్టిన ఓణీ తీశాడు.

"మా చెల్లె సబ్బుపెట్టి ఉతికింది విమలమ్మా. బిడ్డ వాసన మొత్తం పోయింది. బర్రె మల్ల తంతున్నది. ఇడిసిన ఓణీ ఇంకోటుంటే ఇయ్యమను."