మా అన్న దాచిన ఇంగ్లీషు సినిమాలు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. భూపాలపల్లిలో బొగ్గు బాయి పక్కన పుట్టి పెరిగాను. పొద్దున బాయిలోకి దిగి సాయంత్రానికి శవమై పైకొచ్చిన మనుషులు మా వాడలో ఉన్నారు. వాళ్లలో ఒక్కరైనా తిరిగొచ్చి, నా పెళ్లాం నష్టపరిహారం కోసం ఆఫీసు చుట్టూ ఎందుకు తిరుగుతోందని అడిగిన పాపాన పోలేదు. తిరిగొచ్చే వీలుంటే వాళ్లు రాకుండా ఉంటారా?

అలాంటి నేను ఇప్పుడు ఇది రాయాల్సి వచ్చినందుకే నాకు ఒళ్లు మండుతోంది. నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మా అన్న సమ్మయ్య బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు ఉన్న ఒకే ఒక పిచ్చి పాత హాలీవుడ్ సినిమాలు. నలుపు తెలుపువే ఎక్కువ. హైదరాబాద్ పోయినప్పుడల్లా ఫుట్‌పాత్ మీద కూర్చుని పాత డిస్కులు ఏరుకుని వచ్చేవాడు. వాటికి ఇంట్లో ఒక ఇనుప సందూక ఉండేది. కొన్న ప్రతి సినిమాకూ అందులో చోటు దొరికేది కాదు. ముందు సౌండు పూర్తిగా తీసేసి చూసేవాడు. అప్పుడూ కథ అర్థమైతేనే సందూకలోకి. లేకపోతే ఎంత పేరున్న సినిమా అయినా ఎవరికో ఇచ్చేసేవాడు. "మాట లేకున్న మొకం చూస్తే తెల్వాలె. గదే దాసుకునే సిన్మ" అనేవాడు.

సౌండు తీసేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు వాడకట్టు ఆడవాళ్లంతా కూరగాయలూ కత్తిపీటలూ తెచ్చుకుని కూర్చునేవాళ్లు. అన్న టీవీ పక్కన స్టూలు వేసుకుని మొదట ఒకటే మాట అనేవాడు. "జర సైసుండ్రి." కాస్త ఓపిక పట్టండి అని. ఇక అక్కడి నుంచి సినిమా అయిపోయేదాకా అందరి మాటలూ ఆయనే చెప్పేవాడు.

టోపీ పెట్టుకున్న హీరో ఎవరైనా సరే, కొమురయ్యే. కోర్టులో జడ్జి పటేలు. ముత్యాల దండ వేసుకున్న దొరసాని రాజవ్వ. మన సినిమాల్లో మా వైపు మాటను రౌడీలకూ పనివాళ్లకూ పెట్టి ఏళ్లకేళ్లు నవ్వించారు కదా, మా అన్న ఆ మాటనే తీసుకెళ్లి అమెరికా జడ్జి నోట్లో పెట్టాడు. ఆ మాట విని ఎవరూ వెటకారంగా నవ్వలేదు. తీర్పు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి వినేవాళ్లం.

అసలు కథ అది కాదని చదువుకున్న పిల్లలు అనేవాళ్లు. కాకపోతే పోనీ. మాకు ఆయన చెప్పిందే కథ.

పోయిన ఏడు ఒకరోజు ఫోన్ చేశాడు. "చెల్లె, ఒకటి దొరికింది. మస్తుంది. ఇంక ఎవలికి చెప్పలె. నీకే ముందు చెప్త, ఐతారం రా" అన్నాడు. వస్తానన్నాను. ఆ ఆదివారం నేను పోయింది ఆయన చావుకు. గుండె ఆగిపోయింది.

వదిన అంతకు ముందే పోయింది. ఉన్నది ఒక్క కొడుకు నవీన్. అన్న సినిమా చెబుతుంటే వాడు ఒకసారి ఫోన్‌లో తీశాడు. అది పంపరా అని అడిగితే, ఫోన్ నిండిపోతే తీసేశానన్నాడు. తండ్రి గొంతు తీసేసి ఏం నింపుకున్నావురా అందులో అని అడిగాను. ఇక మా అన్న గొంతు ఈ భూమ్మీద ఎక్కడా మిగల్లేదు. పోనీ, ఆ సందూకైనా నాకివ్వు అన్నాను. సరేనని తలూపాడు.

పంటల పని, ఇంటి పని అయ్యాక తీసుకుందామని వెళితే సందూక ఖాళీ. డిస్కులన్నీ దంతాలపల్లిలో ఉన్న తన అత్తగారింటికి ఇచ్చేశాడట. ఎందుకంటే, మక్కజొన్న చేనులో కట్టడానికి! దారానికి కట్టి వేలాడదీస్తే ఎండకు తళతళలాడి పిట్టలు రావు.

"గవి ఇంక ఎవలు సూస్తరు అత్తా? ఫోన్ల అన్నీ దొరుకుతయి" అన్నాడు.

"మీ నాయిన చెప్పింది దొరుకుతదారా ఫోన్ల?" అన్నాను. వాడి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకుండా బస్సెక్కాను.

దంతాలపల్లిలో ఆ చేను గట్టు మీద నిలబడ్డ రోజు నేను మరిచిపోలేను. మా అన్న రాజవ్వలూ కొమురయ్యలూ కర్రలకు వేలాడుతూ గిరగిర తిరుగుతున్నారు. కొన్ని ఎండకు తెల్లబడిపోయాయి. నవీన్ మామ మంచివాడు. నా మొహం చూసి ఏమీ అడక్కుండా తనే దారాలు తెంపడం మొదలుపెట్టాడు. "మాకేం ఎరుక అక్కా, పనికిరానివన్నడు పిల్లగాడు" అన్నాడు. ఇంకో దారం తెంపుతూ, "పిట్టలైతే రాలె" అని కూడా అన్నాడు. ఆ కోపంలో కూడా నాకు నవ్వు వచ్చింది.

చేనులో కట్టగా మిగిలినవి కొన్ని పశువుల కొట్టంలో సంచిలో ఉన్నాయి. అన్నీ మూటకట్టుకుని జనగామలో మా ఇంటికి తెచ్చాను.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమెకు చెవులు వినబడవు. కొంచెం కాదు, అసలు వినబడవు. మా పెళ్లయిన కొన్నేళ్లకు పెద్ద జ్వరం వచ్చి పోయాయి. హైదరాబాద్ పెద్ద దవాఖానలో చూపిస్తే నరం చచ్చిపోయిందన్నారు. మిషన్ పెట్టినా లాభం లేదన్నారు. చదువు రాదు. మా మధ్య అంతా చేతులతోనే. అన్నానికి ఒక సైగ, మందుకు ఒక సైగ.

ఆమె భూపాలపల్లి ఎప్పుడూ రాలేదు. మా అన్న అంటే ఆమెకు చిన్నచూపు. చెవులు బాగున్న రోజుల్లో అన్న ఒకసారి జనగామ వచ్చి సినిమా వేస్తానంటే, "బొగ్గు పనోనికి ఇంగిలీసు బొమ్మలా" అని లోపలికి వెళ్లి పడుకుంది. ఆ మాట అన్న విన్నాడు. నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు, ఈనాటికీ మనసులో ఊరుకోలేదు.

మూట తెచ్చిన కొద్ది రోజులకు, ఒక ఆదివారం మధ్యాహ్నం పాత ప్లేయరు తుడిచి డిస్కులు వేసి చూశాను. సగం పైన ఆడలేదు. ఆడినవాటిలో నాకు బాగా తెలిసిన ఒక సినిమా పెట్టి సౌండు తీసేశాను. అన్న ఎక్కడెక్కడ ఏమన్నాడో గుర్తు తెచ్చుకుందామని నా ఆశ. సగం కూడా గుర్తు రావడం లేదు. ఏడుపు వస్తోంది. అత్తమ్మ నా వెనకాల గోడకు ఆనుకుని చింతపండులో గింజలు తీస్తోంది.

ఆ సినిమాలో హీరో కిటికీ దగ్గర ఊరికే నిలబడే సీను ఒకటి ఉంది. ఏమీ జరగదు. నవ్వడానికి అందులో ఏమీ లేదు. అత్తమ్మ పకపకా నవ్వింది.

వెనక్కి తిరిగాను. ఆమె టీవీనే చూస్తోంది. "ఉప్పు తెచ్చుడు మర్సిపోయిండట కొమురయ్య! గందుకే గట్ల నిలవడ్డడట" అంది.

అన్న ఆ సీను దగ్గర ప్రతిసారీ చెప్పే మాట అదే. వాడకట్టు ఆడవాళ్లు ప్రతిసారీ అక్కడే నవ్వేవాళ్లు. నేను ఆ మాట మరిచిపోయాను కూడా. ఆమె అన్నాకే గుర్తొచ్చింది.

లేచి, ఆమె వెనక స్టీలు పళ్లెం నేలకేసి కొట్టాను. పక్కింటి వాళ్లు తొంగి చూశారు. అత్తమ్మ రెప్ప కొట్టలేదు. ఎవరు చెబుతున్నారని సైగ చేశాను. "ఎవలో మొగాయిన. మంచిగ చెప్తుండు" అని మళ్లీ గింజల్లో పడింది. తనకు వినబడుతోందని ఆమెకు వింతగా కూడా లేదు.

మా ఆయనకు చెబితే, "నువ్వే ఎప్పుడన్న చెప్పి ఉంటవ్" అన్నాడు. చెవులు లేని మనిషికి కొమురయ్య ఉప్పు సంగతి ఏ సైగతో చెప్పాలో చేసి చూపించమన్నాను. ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. ఈ ఇంట్లో జవాబు లేనప్పుడు మగవాళ్లు చేసే పని అదే.

నాకు పట్టుదల వచ్చింది. నాకు తెలిసిన సినిమా అయితే నా మనసులోది ఆమెకు ఎలాగో తెలిసిందని ఎవరైనా అంటారు. కాబట్టి నాకు తెలియనిది కావాలి. కొట్టంలో దొరికిన సంచిలో ఒకే ఒక్క డిస్కు నేను ఎన్నడూ చూడనిది ఉంది. నీకే ముందు చెప్తానని అన్న ఫోన్‌లో అన్నది అదే అయి ఉండాలి.

మరుసటి ఆదివారం అది పెట్టాను. సౌండు తీసేశాను. మంచు పడే ఊరు, చిన్న రైల్వే స్టేషను, ఎదురుగా ఒక హోటలు. ఆ హోటలు నడిపేది ఒక నడివయసు ఆవిడ. వచ్చినవాళ్లందరి మీదా అరుస్తుంది, పళ్లేలు విసురుగా పెడుతుంది, తలుపులు ధడాలున వేస్తుంది.

అత్తమ్మ కడుపు పట్టుకుని నవ్వుతోంది. "గిదేం పేరే సుజాతా! దొరసాని లెక్కున్న ఆడామెకు పెంటి అని పెట్టిండు!"

అన్న తర్వాత, నేను పుట్టకముందు మా అమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. నేనైనా దక్కాలని నన్ను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తీసుకొచ్చి, పెంటమ్మ అని పేరు పెట్టారు. మా వైపు ఆచారం. బడిలో వేసేటప్పుడు సార్లు సుజాత అని రాశారు. అత్తవారింట్లో నవ్వుతారని పెళ్లిలో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. మా ఆయనకు కూడా తెలియదు. అమ్మా బాపూ పోయాక నన్ను పెంటి అనే మనిషి ఒక్కడే మిగిలాడు. అది కూడా పక్కన ఎవరూ లేనప్పుడే.

ఇంకా ఏమంటున్నాడు అని సైగ చేశాను.

"పెంటి కోపం సూసి బెదరకుండ్రి అంటుండు. దానికి ముక్కు మీదనే కోపం, లోపలంత పావురమే అంటుండు." పావురమంటే మా వైపు ప్రేమ.

అప్పుడు నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంతకాలం నవీన్ మీద, అత్తమ్మ మీద, మా ఆయన మీద పడ్డ కోపమంతా అసలు ఎవరి మీదో అప్పుడు తెలిసింది. రెండు చెవులూ పెట్టుకుని నేను ఎదురుచూస్తుంటే, నిన్ను బొగ్గు పనోడన్న మనిషికి, చెవులే లేని మనిషికి వచ్చి చెబుతావా? టీవీ పక్కన ఖాళీ జాగా వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాను. "నాకే ముందు చెప్తనంటివి గదనే అన్నా! నాకెందుకు చెప్తలేవ్?"

నేను అత్తమ్మకు ముందు కూర్చుని ఉన్నాను. నా వీపే తప్ప మొహం ఆమెకు కనబడదు. నా అరుపు ఆమెకు వినబడదు. ఆమె టీవీ మీది నుంచి కళ్లు తిప్పకుండానే అంది.

"గిప్పుడు ఎవలినో జర సైసు అంటుండు."

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. అత్తమ్మను మళ్లీ దవాఖానలో చూపించాను, చెవులు అలాగే ఉన్నాయన్నారు. పేరు గురించి మా ఊరివాళ్లను అడిగాను, ఎవరూ ఆమెతో మాట్లాడింది లేదు. దయ్యమని నేను అనను, ఇప్పటికీ ఆ మాటంటే నాకు చిరాకే. ఆదివారం మధ్యాహ్నం మాత్రం టీవీ పెట్టి సౌండు తీసేస్తాను. అత్తమ్మ నవ్వుతుంది. నేను పక్కన కూర్చుంటాను. సైసుతూనే ఉన్నాను అన్నా, ఇంకెంతకాలమో అదైనా చెప్పు.