ముగ్గుపిండితో గీసిన ఆసియా

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి బస్సులో వస్తుంటే ఫోను వచ్చింది, మా సోషల్ సారు పోయారని. ఆయన దగ్గర చదువుకుని, ఆయన పనిచేసిన బడిలోనే టీచరునైనవాణ్ణి నేను. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎందుకో చెప్పాలి.

రిటైరయ్యాక కూడా సారు ప్రతి శనివారం బడికి వచ్చేవారు. టీ కూడా ఇంటినుంచే ఫ్లాస్కులో తెచ్చుకునేవారు. మైదానంలో ముగ్గుపిండితో ఆసియా పటం గీసి, ఒక్కో దేశంలో ఒకరిని నిలబెట్టేవారు. లావుపాటి పిల్లలిద్దరూ ఇండియా, చైనా. బక్కవాళ్ళు నేపాల్, లంక, మాల్దీవులు. "సదివింది మర్చిపోతారప్పా. నిలబడితే కాళ్ళకు గుర్తుంటాది" అనేవారు. గాలికి బంగాళాఖాతం చెరిగిపోతే నడుము పట్టుకుని, గాలిని తిట్టుకుంటూ మళ్ళీ గీసేవారు.

ఒక శనివారం చైనాగా నిలబడ్డ పిల్లాడు లంక పిల్లకు ఓడరేవు కట్టిస్తానన్నాడు. ఆ పిల్ల అటు నడిచింది. మిగతావాళ్ళంతా గోల. "పోనీలే, తప్పేముండాది?" అన్నారు సారు. వెంటనే ఇండియా వైపు తిరిగి, "పక్కింటి పిల్ల గదరా. ఏం కావల్లని నువ్వు ఒక్కసారన్నా అడిగినావా? రేపు ఆ రేవులోకి చైనావాళ్ళ ఓడలొస్తే భయం నీకే గదా? పో, పోయి మాట్లాడు" అన్నారు. ఇండియా వెళ్ళి లంక చేయి పట్టుకున్నాడు. పాఠం అదీ.

ఎవరో దాన్ని ఫోనులో వీడియో తీసి, "తప్పేముండాది" దగ్గర కోసేసి ఊరి గ్రూపుల్లో పెట్టారు. లంక రేవులో చైనా ఓడ ఆగిందని టీవీలు హోరెత్తుతున్న వారమది. టీవీ చూసి విదేశాంగ మంత్రులైపోయిన మా ఊరివాళ్ళు సారును "చైనావాడి మనిషి" అన్నారు. మన దేశం పటం మాకు గీయడం నేర్పిన మనిషిని! సాయంత్రానికి పెద్దలు బడికొచ్చి, ఇకమీదట ఆయన్ను రావద్దని ఉత్తరం ఇమ్మన్నారు. రాసింది నేను. తీసుకెళ్ళి ఇచ్చిందీ నేనే.

సారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఆ పొద్దు నువ్వు ఆడనే ఉన్నావు గదప్పా?"

"పెద్దోళ్ళు సెప్పినారు సార్" అన్నాను.

కాఫీ తాగి పొమ్మన్నారు. తాగాను కూడా. ఆ తర్వాత ఆయన బడి గేటు లోపలికి రాలేదు. ఆయన నమ్మినవాళ్ళమే ఆయన్ను మోసం చేశాం.

మొన్న బడిలో సంతాపసభ పెట్టాం. ఆ వీడియో ముక్కను అందరికీ పంపిన పెద్దమనిషే అందరికంటే పెద్ద దండ తెచ్చాడు. దేశభక్తి నేర్పిన గురువన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అప్పుడే మైకు నా చేతికొచ్చింది. నేను సారు చేతిరాత గురించి, టైముకు రావడం గురించి మాట్లాడి కూర్చున్నాను.

సారు భార్య చివరి బెంచీలో ఉన్నారు. సభ అయ్యాక దండ వేసిన ఫోటో ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఈ పొద్దన్నా సెప్తావనుకుంటి నాయనా" అన్నారు.

ఫోటో పట్టుకుని మెట్ల మీదే ఉండిపోయాను. ఆమె ఎండలో, వెనక్కి చూడకుండా, ఒక్కరే మైదానం దాటి వెళ్ళిపోయారు.