ఓడిన జట్టు గోల్‌కీపర్ని

సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక మా క్లబ్బు మైదానంలో గడ్డికి నీళ్ళు కొడతారు. గొట్టం పట్టుకున్న మనిషి చెయ్యి ఒక్కోసారి పక్కకు తిరిగి, రోజంతా ఎండకు కాగిన డ్రెస్సింగ్ రూము పెంకుల మీద నాలుగు జల్లులు పడతాయి. అప్పుడు మట్టీ, పాచీ, వేడీ కలిసిన వాసన ఒకటి లేస్తుంది. అది ముక్కుకు తగలగానే చేతులకున్న గ్లవ్స్ తియ్యడం కూడా మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోతాను. ఇది పడమటి సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడి భాష నాకింకా సగమే వచ్చు. ఆ వాసన మాత్రం నాకు తెలుగులోనే వస్తుంది.

మా ఊరు కొవ్వూరు నుంచి బస్సులో గంటకు పైగా, కాలవ వెంబడి డెల్టా లోపలికి పోతే వస్తుంది. రెండో పంట దాళ్వా కోతలు అయిపోయి, కాలవలు కట్టేసి, చేలల్లో ఎండిన దుబ్బులు తప్ప ఇంకేమీ మిగలని రోజుల్లో, ఆవకాయ జాడీలకు వాసెన గుడ్డలు కట్టడం పూర్తయ్యాక, తొలకరికి ముందు మా తాతయ్య ఇల్లు నేయించేవాడు. అంటే కప్పు మీది పెంకులన్నీ దింపి, విరిగినవి ఏరి, పాచి గోకి, మళ్ళీ వరసగా పరిపించడం. నిచ్చెన మీద ఒకరు, అరుగు మీద ఒకరు, వాకిట్లో ఒకరు నిలబడి పెంకుల్ని చేతి నుంచి చేతికి విసురుకునేవాళ్ళు. మామ్మ మధ్యమధ్యలో చల్లకుండ తెచ్చి అందరికీ గ్లాసుల్లో పోసేది, ముంజలు ఒలిచి పెట్టేది. చిన్నపిల్లనైనా నన్నూ ఆ వరసలో నిలబెట్టేవారు. మొదట్లో పెంకు అరచేతికి తగిలి చురుక్కుమనేది, కొన్ని జారి పగిలేవి.

“చెయ్యి బిగబెట్టకే సత్తీ. పెంకుతోపాటు చేతుల్నీ కాస్త వెనక్కి రానీ,” అనేవాడు తాతయ్య.

అలా రానిస్తే పెంకు పావురంలా వచ్చి చేతుల్లో వాలేది. మధ్యాహ్నమయ్యేసరికి చప్పుడే ఉండేది కాదు. ఎర్రటి దుమ్ములో, కప్పు లేని ఇంట్లోకి ఆకాశం దిగి వచ్చిన ఆ వెలుతురులో, పెంకులు వాటంతటవే గాలిలో తేలి వెళ్తున్నట్టు ఉండేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా హైస్కూలుకి రత్నకుమారి మేడం డ్రిల్లు టీచరుగా వచ్చింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం కాలవ అవతలి గట్టుకి వినిపించేది. అంతవరకూ ఆడపిల్లలకు డ్రిల్లు పీరియడంటే వేపచెట్టు కింద తొక్కుడుబిళ్ళ ఆడుకోవడమే. ఆవిడ వచ్చిన వారానికే ఒక ఫుట్‌బాల్ తెచ్చి మా మధ్యలో పడేసింది. స్కూలు వెనక పశువులు మేసే బీడు ఒకటి ఉండేది. అక్కడ వెదురు గడలు పాతి గోల్స్ కట్టాం. అందరికీ పరిగెత్తి బంతిని తన్నాలని ఉండేది, గోల్లో నిలబడటానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. పరుగులో నేను వెనకబడేదాన్ని కాబట్టి ఆ పని నాకు వచ్చింది. మేడం దూరం నుంచి గట్టిగా తన్నిన మొదటి బంతిని పట్టుకోగానే ఆవిడ నా దగ్గరకొచ్చి, నా అరచేతుల్ని తిప్పి తిప్పి చూసింది.

“ఎవరు నేర్పారే నీకు?”

“ఎవరూ లేదండి. పెంకులు పట్టుకుంటానండి మేడం,” అన్నాను. పిల్లలందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆ వానాకాలమంతా ఇప్పుడు తలుచుకుంటే ఒకటే పొడుగాటి సాయంత్రంలా అనిపిస్తుంది. ఊడ్పులయిన చేలు చుట్టూ పచ్చగా ఊగుతుండేవి, మధ్యలో మా బీడు బురదగా మెరుస్తుండేది. బంతి తడిసి బరువెక్కి గుమ్మడికాయలా వచ్చేది. పొలాల నుంచి ఇంటికి పోయే ఆడవాళ్ళు గట్టు మీద ఆగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మమ్మల్ని చూసేవాళ్ళు. నా ముందు డిఫెన్సులో నాగమణి ఆడేది. మా వీధి చివర ఇల్లు, ఒకటో తరగతి నుంచీ నా పక్కనే కూర్చున్న పిల్ల. ఇంటికి పోయే దారిలో ఇద్దరం కాలవలోకి దిగి, బట్టలతోనే మునిగి, బురద పోయిందాకా తేలేవాళ్ళం.

తాటిపళ్ళు రాలే రోజుల్లో రాజమండ్రిలో స్కూలు పిల్లల టోర్నమెంటు పెట్టారు. బస్సు వంతెన మీదకెక్కగానే అందరం కిటికీల దగ్గరకి చేరాం. వరద నీళ్ళతో ఎర్రగా, అవతలి ఒడ్డు వాన మసకలో కలిసిపోయి, ఏ వైపు చూసినా గోదావరే. నాగమణి తన రిబ్బన్‌లోని బంతిపువ్వు తీసి నీళ్ళలోకి విసిరి దణ్ణం పెట్టుకుంది.

మేం ఘోరంగా ఓడిపోయాం. అవతలి జట్టు పట్నం పిల్లలు, కాళ్ళకు అసలైన ఫుట్‌బాల్ బూట్లున్నవాళ్ళు. మావాళ్ళు ఎటు పరిగెత్తినా బంతి మా గోలు వైపే వచ్చేది. ఒకటి ఆపితే ఇంకొకటి, అది ఆపితే మరొకటి. కాసేపటికి నాకు జనం కేకలు వినపడటం మానేశాయి. బంతి రావడం, నా చేతులు దానితోపాటు కాస్త వెనక్కి వెళ్ళడం, అంతే. అయినా ఐదు గోల్స్ పడ్డాయి. ఆట అయ్యాక గడ్డి మీద బోర్లా పడుకుని ఏడుస్తుంటే, తెల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ వచ్చి మేడంతో చాలాసేపు మాట్లాడింది. క్రీడల హాస్టల్‌కి పిల్లల్ని ఎంపిక చేసే ఆవిడట. మా జట్టు మొత్తంలో నా పేరొక్కటే రాసుకుంది.

తిరుగు బస్సులో నాకు ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు. అందరం కలిసి ఓడిపోయి, నేనొక్కదాన్నే గెలిచినట్టు సిగ్గేసింది. నాగమణి నా పక్కకు జరిగి మోచేత్తో పొడిచింది.

“ఏంటే, మొహం అలా పెట్టావ్? మేం సరిగ్గా ఆపుంటే నీ దాకా బంతి వచ్చేదా? నువ్వు ఆవిడకి కనపడేదానివా?”

ముందు సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత బస్సంతా నవ్వింది. కొవ్వూరు దాటేదాకా అందరూ మేమే పంపించాం, మేమే పంపించాం అని పాట కట్టి పాడారు.

నాన్న మాత్రం కుదరదన్నాడు. మరుసటి ఆదివారం మేడం మా ఇంటికి వచ్చింది. మామ్మ నిప్పుల మీద కాల్చిన తాటిరొట్టె వేడివేడిగా ఆవిడ ముందు పెట్టింది.

“పదమూడేళ్ళ పిల్లండి. అంత దూరంలో జ్వరమొస్తే ఎవరు చూస్తారండీ?” అన్నాడు నాన్న.

“నేనూ హాస్టల్లోనే పెరిగానండి. జ్వరమొస్తే పక్కమంచం పిల్ల చూసిందండి. తర్వాత ఆ పిల్లకి జ్వరమొస్తే నేను చూశాను.”

తాతయ్య చుట్ట పక్కన పెట్టి, “ఇంతకీ మా పిల్ల చేసే పనేంటమ్మా అక్కడ?” అని అడిగాడు.

“అందరూ ముందుకెళ్ళి ఆడతారండి. ఈ పిల్ల వెనక ఉండి గోలు కాస్తుందండి.”

“అయితే చేను కాపలా అన్నమాట,” అన్నాడు తాతయ్య, ఆ ఉద్యోగం చిన్నదేం కాదన్నట్టు తలూపుతూ. నాన్న ఇంకా నేల వైపే చూస్తున్నాడు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి, మామగారి ఎదుట ఎప్పుడూ నోరు విప్పని మా అమ్మ గొంతు వినిపించింది.

“అక్కడ అన్నంలోకి పెరుగేస్తారాండీ?”

అడిగింది అదొక్కటే. అమ్మ నన్ను పంపడానికి సిద్ధపడిందని మా అందరికీ అర్థమైపోయింది. నాన్న లేచి పెరట్లోకి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చాక నా పాత ట్రంకుపెట్టె తాళం పనిచేస్తోందో లేదో చూశాడు.

హాస్టల్లో మొదటి నెలలు దిండు తడవని రోజు లేదు. పెరుగు వేసేవారు గానీ పుల్లగా ఉండేది. తర్వాత రాష్ట్రం జెర్సీ వచ్చింది, రైళ్ళు వచ్చాయి, పేర్లు పలకడం రాని ఊళ్ళు వచ్చాయి. ఒక టోర్నమెంటులో ఉండగా తాతయ్య పోయాడు, కడసారి చూపు దక్కలేదు. ఆ తర్వాతే ఈ క్లబ్బు.

పోయిన వేసవిలో ఊరు వెళ్ళాను. ఇల్లు స్లాబు అయింది. వానలకు ముందు ఎవరూ ఎవరికీ ఏమీ అందించనక్కర్లేదు. రత్నకుమారి మేడం బదిలీ అయి వెళ్ళిపోయాక స్కూల్లో ఆడపిల్లల జట్టు లేదు. సాయంత్రం, రాజమండ్రిలో నర్సుగా పనిచేస్తూ సెలవు మీద వచ్చిన నాగమణితో కలిసి స్కూలు వెనక్కి వెళ్ళాను. బీడు లేదు. ఆ మేరంతా రొయ్యల చెరువు తవ్వేశారు. ఫ్యాన్లు తిరుగుతూ నీళ్ళను చిలుకుతున్నాయి.

“నీ గోలు అదిగో, ఆ చివరి ఫ్యాను దగ్గర,” అంది నాగమణి గట్టు మీద నిలబడి. “సాయంత్రమైతే నీకు ఎదురెండ కొట్టేది. నా నీడ నీ మొహమ్మీద పడేలా చూసుకుని నిలబడేదాన్ని. అందుకే కదే మేడం నన్ను ముందుకెళ్ళు, ముందుకెళ్ళు అని రోజూ తిట్టేది.”

నేను అది దాని బద్ధకమనుకునేదాన్ని. ఎండకు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం నాకు హాస్టల్‌కి వెళ్ళాకే అలవాటైంది. అంతకుముందు ఆ అవసరం ఎందుకు రాలేదో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

“చెప్పలేదేమే?” అన్నాను.

“చెప్పడానికేముంది?” అంది.

పొద్దు వాలుతోంది. చెరువు మీంచి ఎండ మా ఇద్దరి కళ్ళల్లోకీ సూటిగా పడుతోంది.