ఫోన్లో పలికిన మొగుడు

కళింగపట్నం బస్సులో నా పక్కన చేపలమ్మే పెద్దావిడ కూర్చుంది. ఆవిడ ఫోన్లోంచి ఒక మగగొంతు "తిన్నావా బంగారం?" అని పలికింది.

"మా ముసిలోడు. పోయి ఏడాదైంది. కొడుకు ఏదో యాప్‌లో ఆడి గొంతు పెట్టినాడు. మాటలు అదే అల్లుకుని ఆడి గొంతుతో పలుకుతాది," అంది.

"మంచిదే కదమ్మా, తోడుగా ఉంటుంది."

"ఏటి మంచిది బాబూ? బతికున్నన్నాళ్లూ 'ఒసే' అనే పిలిసీవోడు. నానూ తిరిగి తిట్టీదాన్ని. అదే మా కాపరం. ఈ బంగారమనీవోడు ఎవుడు? ఓట్లప్పుడూ ఇంతే. నాయకుడి గొంతు పోన్లో నా పేరెట్టి పిలిసింది. నా గోడు సెప్తంటే ఇనకుండా మాటాడేసింది. ఆడికి ఓటెయ్యనేదు. ఈడికీ జవాబు సెప్పను."

అక్కడికక్కడే యాప్ తీసేసింది.

"మీ అబ్బాయి బాధపడతాడేమో," అన్నాను.

"పడనీ. మొగుడు పోయింది నాకు. నాకు నచ్చినట్టు ఏడుస్తాను."

చనిపోయిన మా నాన్న గొంతును అలాంటి యాప్‌లోనే పెడతానని, రికార్డింగులు పంపమని అన్నయ్య ఇప్పటికీ అడుగుతున్నాడు. నేను పంపలేదు.