మాస్టారి ఎర్రనీళ్ళ సీసా

మా మాస్టారు పోయారు. శనివారం పొద్దున్నే మాస్టారి భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి, "మీ మాస్టారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మాయ్" అన్నారు. నాకు ఏడుపు వచ్చేలోపే ఇంకో మాట చెప్పారు. మెమోరియల్ సర్వీస్‌లో తాను కూడా మాట్లాడతానని మాస్టారి పాత ఆఫీస్ మేనేజరు కబురు పెట్టాడట. నా ఏడుపు అక్కడే ఆగిపోయింది.

ఇలాంటప్పుడు అందరి గురించీ మంచే రాయాలంటారు. మాస్టారి గురించి మంచే రాస్తాను. మేనేజరు పోలేదు, గుండ్రాయిలా ఉన్నాడు. కాబట్టి అతని గురించి ఉన్నదున్నట్టు రాస్తాను.

డెబ్భైల చివర్లో నేను అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒక ఇంజనీరింగ్ ఆఫీస్‌లో డ్రాయింగులు గీసే పనికి చేరాను. ఆనకట్టలు, రిజర్వాయర్లు మా ఆఫీస్ పని. మాస్టారు అక్కడ సీనియర్ ఇంజనీరు. అంతకుముందు గోదావరి కాలవల మీద చాలా ఏళ్ళు పనిచేసి వచ్చారు. మ్యాప్ మీద గీతల్ని చూసి నీళ్ళు ఎటు పారతాయో చెప్పడం నాకు నేర్పింది ఆయనే, అందుకే మాస్టారు అనేదాన్ని. ఆవకాయ వాసన గురించి ఆఫీస్‌లో ఎవరో ఏదో అన్నారని మధ్యాహ్నం పెరుగన్నం కార్లో కూర్చుని తినేవారు, బయట మంచు పడుతున్నా సరే. నీళ్ళు తాగే ముందు గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూడడం ఆయన అలవాటు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం ఇచ్చే చిన్న గ్లాసుని కూడా అలాగే ఎత్తి చూస్తుంటే ఆంటీ మోచేత్తో పొడిచేవారు.

ప్యూర్టో రికో కరీబియన్ సముద్రంలోని దీవి, అదీ అమెరికా జెండా కిందిదే. అక్కడ ఒక పట్నానికి తాగునీరిచ్చే రిజర్వాయరు పని మా ఆఫీస్‌కి వచ్చింది. గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్న రూల్స్ రాయడం మాస్టారి వంతు. ఆయన గోదావరి మీద నేర్చుకున్నదే రాశారు. వరదలో మొదట వచ్చే ఎర్రనీటిని ఆపకూడదు, అడుగు గేట్లెత్తి వదిలెయ్యాలి, కాస్త తేటపడ్డాకే గేట్లు దించి నిలవ చేసుకోవాలి. మేనేజరు ఆ లైను కొట్టేశాడు. కిందటేడు వానల్లేక ఆ పట్నంలో నీళ్ళు రేషన్ చేశారట, అలాంటి చోట చేతికొచ్చిన నీళ్ళని సముద్రంలో పోస్తామా, ఇది మీ ఇండియా కాదు అన్నాడు. మాస్టారు నచ్చజెప్పారు, చివరికి బతిమాలారు కూడా. అతను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

ఆ ఏడు తుఫాను వచ్చింది. గేట్లు దించే ఉంచారు. కొండల మీది ఎర్రమట్టంతా వచ్చి రిజర్వాయరులో కూర్చుంది. అడుగు గేట్లు బురదలో కూరుకుపోయి, తర్వాత ఎత్తుదామన్నా కదల్లేదు.

అక్కడికి వెళ్ళినప్పుడల్లా మాస్టారు ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకి ఉండేవారు. ఆవిడ అరటికాయ ముక్కలు వేయించి పెడితే ఈయన ఆవకాయ నంజుకుని తినేవారు. తుఫాను తర్వాత వెళ్ళేసరికి ఆవిడ బకెట్ పట్టుకుని వీధిలో వాటర్ ట్యాంకర్ కోసం నిలబడి ఉంది. ఆయన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి కొళాయి తిప్పి చూపించింది, ఎర్రటి బురదనీళ్ళు వచ్చాయి. అడుగంటిన ఆవకాయ సీసాని కడిగి, మాస్టారు ఆ కొళాయి నీళ్ళే పట్టుకొచ్చారు.

దీవి నుంచి పెద్దలు వచ్చి మీటింగ్ పెట్టారు. రూల్స్ రాసింది మా ఇండియన్ ఇంజనీరు, ఇక్కడి తుఫాన్లు ఆయనకి కొత్త అని చెప్పి మేనేజరు చేతులు దులుపుకున్నాడు. అప్పటికి మాస్టారి గ్రీన్ కార్డ్ ఆ ఆఫీస్ చేతిలో ఉంది. ఆయన నోరెత్తలేదు. ఆ తర్వాత ఆయన్ని మూల టేబుల్‌కి మార్చి, షాపింగ్ మాల్స్ పార్కింగ్ లాట్లకి మురుగు పైపుల లెక్కలు అప్పజెప్పారు. ఒక పట్నం నోట్లో మట్టి కొట్టిన ఇంజనీరన్న పేరు ఆయనకి మిగిలింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గ్రీన్ కార్డ్ వచ్చాక, ఇక రిజైన్ చేసెయ్యండి మాస్టారూ అన్నాను.

"నేను వెళ్ళిపోతే వాడికి హాయిగా ఉంటుందమ్మాయ్. వాడికెందుకా హాయి?" అన్నారు.

ఆ సీసా ఆయన టేబుల్ మీద చేరింది. మేనేజరు అటు వచ్చినప్పుడల్లా మాస్టారు దాన్ని తీసి ఒక్కసారి కుదిపి కింద పెట్టేవారు. ఆ తర్వాతే, ఎంతో మర్యాదగా, ఏం కావాలండీ అని అడిగేవారు. ఇసక రేణువులు వెంటనే దిగేవి కానీ, ఆ మెత్తటి ఎర్రమట్టి తేటపడడానికి సాయంత్రమయ్యేది. కొత్తగా చేరినవాళ్ళు అదేమిటని అడిగితే, మా మేనేజరుగారు దాచిన నీళ్ళు అని చెప్పేవారు. కొన్నాళ్ళకి మేనేజరు కాఫీ కోసం కూడా చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాడు. అది చూసినప్పుడల్లా నాకు పండగే.

మా తెలుగు చర్చి పాస్టరు గారు ఒకసారి ఆ పగ వదిలెయ్యమని ఆయనకి చెప్పి చూశారు.

"వచ్చి తప్పు నాదని ఒక్క మాటంటే ఆ నిమిషమే క్షమిస్తానండీ. అడగనివాడికి ఏ అడ్రసుకి పంపమంటారు?" అన్నారు మాస్టారు.

నిన్న మెమోరియల్ సర్వీస్ జరిగింది. మేనేజరు నల్ల సూట్‌లో వచ్చి, జేబులోంచి కాగితం తీసి చదివాడు. మాస్టారు నెమ్మదస్తుడట, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. అక్కడితో ఆగినా ఊరుకునేదాన్ని. ఆ దీవిలో ఆయన చేసిన పొరపాటుని నేను ఎప్పుడో క్షమించేశాను అని కూడా చదివాడు.

నేను లేవబోయాను. ఆంటీ నా చెయ్యి నొక్కి కూర్చోబెట్టారు. తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సీసా తీసుకుని ముందుకి నడిచారు. అచ్చం మాస్టారిలాగే ఒక్కసారి కుదిపి, అతని కాగితం మీద పెట్టారు.

"అది తేటపడ్డాక మాట్లాడమని చెప్పమ్మాయ్" అన్నారు ఆంటీ నాతో.

లేచి నిలబడి, ఆ మాటని ఒక్క అక్షరం వదలకుండా ఇంగ్లీషులో అతనికి చెప్పాను. అంత ఇష్టంగా నేను ఈ దేశంలో ఇంగ్లీషు ఎప్పుడూ మాట్లాడలేదు.

అది తేటపడడానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలుసు. పాస్టరు గారు బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. అతన్ని కూర్చోమని ఎవరూ అనలేదు. మాస్టారి ఫోటో పక్కన, సీసా వంక చూస్తూ అతను అలాగే నిలబడ్డాడు. నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.