మెత్తబడ్డ బ్రేకు

బ్రేకు తొక్కితే కాలికి గట్టిగా తగలాలి. ఆ ఏడాది మిరప కోతల్లో మా పికప్ వ్యానుకు ఆ గట్టిదనం పోయింది. పత్తి కూరిన గోనె బోరెంలోకి దిగినట్టు కాలు లోపలికి దిగేది. రెండు మూడుసార్లు గబగబా కొడితే గానీ పట్టేది కాదు. ఆ బండి మీదే మిరప టిక్కీలు, అంటే కాయ బస్తాలు వేసుకుని మా బావ గుంటూరు యార్డుకు వెళ్లేవాడు. బావంటే నా మొగుడే, మేనత్త కొడుకు. పెళ్లయ్యాక కూడా పిలుపు మారలేదు. అతను బయల్దేరింది మొదలు తిరిగొచ్చేదాకా నాకు మెతుకు దిగేది కాదు.

"బాగుచేయించుకుని పో బావా, నీకు పుణ్యం ఉంటది" అని బతిమాలేదాన్ని.

"బండి ఆపితే ఊళ్లో కాయంతా మీ నాన్నొచ్చి తోలతాడా?" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

చివరికి మేమే బాగుచేద్దామని కూర్చున్నాం. బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని తొక్కాలి, ఇంకొకరు కింద దూరి చక్రం వెనకున్న చిన్న నట్టు వదులు చేయాలి. నూనెతో పాటు గాలి బుడగలు బయటకొస్తాయి. సీట్లో నేను కూర్చునేదాన్ని.

"తొక్కు... తొక్కు... పట్టుకో... ఓసి నీ దుంపతెగ, వదలమన్నానా?"

"నువ్వు చెప్పిందేగా చేస్తన్నా, కిందుండి అరవమాక!"

నాలుగు చక్రాలకూ తీసేవాళ్లం. ఆ పూటకు బాగుండేది. మర్నాటికి మళ్లీ కాలు కుంగేది. చక్రాల దగ్గర తడి లేదు. పైపులు తుడిచి చూస్తే కారుడు లేదు. బానెట్ కింద బ్రేకు ఆయిలు డబ్బా చూస్తే నిండుగా ఉంది. ఎన్ని తిప్పలు పడినా ఇదేం రోగమో అంతుబట్టలేదు. ఈ బండి అతన్ని తినేస్తుందని నాలో నేను ఏడ్చుకునేదాన్ని.

మేం తంటాలు పడుతున్నంతసేపూ మా మావయ్య, అంటే బావ వాళ్ల నాన్న, పక్కనే నిలబడి చూసేవాడు. ఎడ్లను అమ్మి ఆ వ్యాను కొన్నాం. అప్పటిదాకా ఆయన బతుకంతా ఎడ్లబండితోనే గడిచింది. పొద్దున్నే ఇరుసుకు కందెన పెట్టకుండా బండిని వాకిలి దాటనిచ్చేవాడు కాదు. "ఎండు ఇరుసుతో బండి కడితే ఎద్దు ఉసురు తగిలిద్ది" అనేవాడు. ఎడ్లు పోయాక చేతులకు పనిలేక వ్యాను అద్దాలు తుడిచేవాడు, టైర్లలో ఇరుక్కున్న రాళ్లు పుల్లతో పీకేవాడు.

ఒకరోజు బావ మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. యార్డు దగ్గర్లో ముందు పోయే లారీ ఆగిందట. ఇతని కాలు అడుగుదాకా పోయినా బండి ఆగలేదు. హ్యాండ్ బ్రేకు లాగి రోడ్డు పక్క మట్టిలోకి తిప్పేశాడు. అక్కడ టీ తాగుతున్న కూలీ ఒకడు పక్కకు దూకాడు కాబట్టి బతికాడు. "మనిషిని చంపేసేవాణ్ణే" అంటూ అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మావయ్యే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.

మర్నాడు మా చంటిదాన్ని మావయ్యకు అప్పగించి నేనూ బండెక్కాను. పక్కన నేనుంటే నెమ్మదిగా తోలతాడని నా ఆశ. రెండో గేరు దాటకుండా చిలకలూరిపేట చేరాం. మెకానిక్ డబ్బా మూత తీసి, వేలు ముంచి వాసన చూశాడు. బ్రేకు సిలిండర్ విప్పి లోపలి రబ్బరు వాషర్లు లాగాడు. అవి ఉబ్బిపోయి, వేళ్ల మధ్య నలిపితే సాగుతున్నాయి.

"ఇందులో ఇంజన్ ఆయిల్ కలిసిందండీ. రబ్బర్లన్నీ తినేసింది. మీరు ఎంత గాలి తీసినా ఇంతే. ఎవరు పోశారు?"

"మేం పోయలేదే" అన్నాడు బావ. అని, నా మొహంలోకి చూశాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

రబ్బర్లన్నీ మార్చి, పైపులు కడిగి, కొత్త ఆయిలు పోసేసరికి సాయంత్రమైంది. చివర్లో నేనే తొక్కి చూశాను. గట్టిగా తగిలింది. చీకటి పడ్డాక ఇంటికి చేరాం.

వాకిట్లోనే మావయ్య ఎదురొచ్చాడు. "పడతందా రా బ్రేకు?"

"ఆ డబ్బాలో నూనె పోసింది నువ్వేనా?"

"నేనే. కాస్త తగ్గినప్పుడల్లా పోస్తన్నాగా. చేలో ఇంజనుకు పోసేదే, మంచి నూనె. కందెన లేకుండా బండెట్టా తోలతావురా?" కొడుకు మరిచిన పని తాను చూసుకున్నానని గర్వంగానే చెప్పాడు.

బావ ఒక్కసారిగా మీద పడ్డాడు. "చంపబోయావు నాన్నా నన్ను! నీ కందెనకు ఒక మనిషి పోయేవాడు! ఇయ్యాల్టి నుంచి ఈ ఇంట్లో నువ్వు దేన్నీ ముట్టుకోమాక. దేన్నీ!"

"అట్టా అంటావేంది బావా, తెలిసి చేశాడా?" అని అడ్డం వెళ్లినా వినలేదు. ముందురోజు పడ్డ భయమంతా ఆ ముసలాయన మీద కక్కేశాడు.

మావయ్య వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత బండి అద్దం తుడవలేదు. కళ్లంలో కాయ తిరగేయడానికి రాలేదు. మంచినీళ్లు కూడా కుండలో ముంచుకోకుండా నేనిచ్చేదాకా కూర్చునేవాడు. బావకే మనసొప్పక "నాన్నా, టైర్లు ఓసారి చూడు" అన్నాడు. "నాకేం తెలుసులేరా" అని ఆయన అటు తిరిగాడు. కోపం తగ్గితే సర్దుకుంటాడులే అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం పెరట్లో అంట్లు తోముతుంటే "అమ్మాయ్, బిన్నా, తొందరగా రామ్మా!" అని మావయ్య కేక వినిపించింది. మసిచేతులతోనే పరిగెత్తాను. అప్పుడప్పుడే అడుగులేస్తున్న నా కూతురు మెట్ల మీంచి పడి, పెదవి చిట్లి, తాత పంచె పట్టుకుని గుక్కపట్టి ఏడుస్తోంది. ఆయన రెండు చేతులూ వీపు వెనక గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు ధారగా కారుతున్నాయి.

"ఎత్తుకోవచ్చుగా మావయ్యా!" అని అరిచాను.

"దేన్నీ ముట్టుకోవద్దన్నాడు గదమ్మా" అన్నాడు.