సున్నాలు చుట్టిన గడులు

మొన్న వానలు మొదలైన వారంలో, గోపన్‌పల్లిలో మా చెల్లెలి కూతురు కొనుక్కున్న ఫ్లాటు చూడటానికి వెళ్ళి, పొద్దున్నే నాలుగడుగులు వేద్దామని కిందికి దిగితే, సెల్లార్‌లో కార్ల మధ్య ఒక నక్షత్ర తాబేలు గోడకు తల ఆనించి నిలబడి ఉంది. ఆ గోడ అవతలికి దారి లేదు, అయినా అది పక్కకు తిరగడం లేదు. ముచ్చటపడి వంగి చూశానా, పెంకు అంచున మూడు గాడులు కనిపించాయి. ఆ గాడులు తీసింది నేనే.

మీలో ఎవరికైనా గుర్తుందో లేదో, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో గచ్చిబౌలి దాటితే ఇంకా రాళ్ళగుట్టలూ సీతాఫలం పొదలూ మిగిలి ఉండేవి. కోస్తా నుంచి వచ్చి మియాపూర్‌లో స్థిరపడి, ప్రభుత్వ కార్యాలయంలో పాతికేళ్ళు గుమాస్తాగిరీ చేసి, స్వచ్ఛంద విరమణ తీసుకున్న నేను ఇంట్లో ఊరికే కూర్చోలేక తాబేళ్ళ మీద పరిశోధన చేసే ఒక ప్రొఫెసరుగారి దగ్గర చేరాను. పని చెప్పుకోవడానికి తేలికే. దొరికిన తాబేలు పెంకు అంచున ఆకురాయితో గాడులు తీసి, అవి ఉన్న చోట్లను బట్టి దానికో నంబరు ఇచ్చి వదిలేస్తాం. వారం వారం వెతికి, గాడులున్నవాటిలో ఎన్ని మళ్ళీ దొరికాయో రాస్తే, ఏడాదికి ఎన్ని బతికి బట్టకడుతున్నాయో ఆయన లెక్క కడతారు. కనిపిస్తే ఒకటి, వెతికినా కనిపించకపోతే సున్నా, అసలు వెతకని వారానికి గీత. గుట్టను అలాగే వదిలేస్తారో, చదును చేసేస్తారో ఆ లెక్కను బట్టే తేలుతుందని మాకు ముందే చెప్పారు.

నిజానికి వెతికేది నేను కాదు, గోపన్‌పల్లిలో ఆ గుట్ట కిందే గుడిసెలో ఉండే ముసలామె, అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. పొద ముందు కూర్చుని, కాసేపు ఊపిరి బిగబట్టి, చెయ్యి పెడితే అక్కడ తాబేలు ఉండేది. నేను గాడి తీయగానే, చీమలు పట్టకుండా, కొంగున ముడివేసి తెచ్చుకున్న పసుపు తడిపి గాడిలో అద్ది, పెంకు మీద రెండు వేళ్ళతో తట్టి, "మల్ల కనవడాలె" అని వదిలేది. తిరిగి నడుస్తుంటే పొదల్లోంచి ఎన్నో కళ్ళు మమ్మల్నే లెక్కపెడుతున్నట్టు అనిపించేది. ఆ మాట పైకి అంటే ఆవిడ నవ్వేది కాదు, అవి కూడా మన లెక్క రాసుకుంటాయనేది.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయి, ఆరు వారాలు నేను ఇల్లు కదల్లేదు. తిరిగి వెళ్ళిన రోజు సాయంత్రానికే ఢిల్లీలో ఉన్న ప్రొఫెసరుగారికి పట్టిక పంపాలి. పాతికేళ్ళ ఆఫీసు బుద్ధి నాది, గడిలో గీత కనిపిస్తే పని ఎగ్గొట్టామంటారని భయపడి, ఆరు వారాలకూ వరసగా సున్నాలు చుట్టేశాను. పెద్దమ్మ ఊళ్ళోనే ఉంది కదా, వెతికే ఉంటారనుకున్నారు ఆయన. తాబేళ్ళు బయట తిరిగే వానల కాలంలో అన్ని సున్నాలు చూసిన కంప్యూటరు ఆ గుట్ట మీద దాదాపు అన్నీ చచ్చిపోయాయని చెప్పింది, నివేదిక కూడా అలాగే వెళ్ళిపోయింది.

తర్వాత ఎప్పుడో, ఊరికే పోయిన ఆ వారాల గురించి మాటవరసకు అంటే, పెద్దమ్మ నా వంక వింతగా చూసింది.

"నేను రోజు తిరిగిన బిడ్డా. నువ్వు రాలే గని, అవి వచ్చినయి."

కొంగు విప్పి చూపించింది. కనిపించిన తాబేలుకొకటి చొప్పున దోసెడు గులకరాళ్ళు.

అప్పుడే ప్రొఫెసరుగారికి ఫోన్ చేసి తప్పు ఒప్పుకుని ఉంటే సరిపోయేది. చెయ్యలేదు. ఊరు రగులుతున్న రోజులు, ఈ ఆంధ్రా ఆవిడ కావాలనే చేసిందని నన్నంటారని భయపడ్డాను. పెద్దమ్మకూ చెప్పలేదు. వేసవికల్లా గుట్ట చదునైంది, ఆవిడ గుడిసె ఉన్నచోట గోడ లేచింది. ఎటు వెళ్ళిందో నేను కనుక్కోలేదు. ఆ వయసులో ఇంకా బతికి ఉంటుందా ఏమిటి అని, పోనుపోను నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సెల్లార్‌లో ఆ తాబేలును చేతిలోకి తీసుకున్నాను. నలభై ఒకటో నంబరు. గాడులు అరిగి నున్నబడ్డాయి, మూడింటిలోనూ పసుపు ఉంది. ఇంకా తడిగానే ఉండి నా వేలికి అంటింది. ఎవరైనా పూజ చేశారేమో అనుకుందామంటే, వీపు మీద చుక్క కుంకుమ లేదు, పసుపు సరిగ్గా గాడుల్లోనే ఉంది. వాచ్‌మన్‌ని అడిగితే, గిక్కడ ముసలామె ఎవ్వరు లేరమ్మా, గీ గేటు దాటి బయటోళ్ళు రారు అన్నాడు.

గేటు బయటికి తీసుకెళ్ళి, ప్రహరీ గోడ అవతల మిగిలిన జానెడు పచ్చికలో వదిలి, పెంకు మీద రెండు వేళ్ళతో తట్టాను. ఆవిడ అనే మాట మాత్రం నాకు నోట రాలేదు. గుట్టలూ పొదలూ పోయి ఎటు చూసినా అద్దాల మేడలే అయ్యాయి, మనుషులు ఎక్కడివాళ్ళు అక్కడే సర్దుకున్నారు, ఎవరిది ఏ ప్రాంతమని ఇప్పుడు లిఫ్టులో ఎవరూ అడగడం లేదు. ఇంటికొచ్చి పాత నోటుబుక్కు తీస్తే అందులో తాబేళ్ళ నంబర్లన్నీ ఉన్నాయి గానీ, పెద్దమ్మ పేరు ఎక్కడా లేదు. ఇన్నేళ్ళూ మనసులో ఆవిడ పేరుకెదురుగా నేను సున్నా చుట్టి ఉంచాను. అక్కడ ఉండవలసింది గీత. నేను వెతకనే లేదు కదా.